చెప్పుకునే చోటు

ప్రతి నెలా మొదటి బుధవారం విశ్వవిద్యాలయాలూ కాలేజీలూ 'సైబర్ జాగరూకతా దివస్' జరపాలన్నది కేంద్ర హోంశాఖ సూచన. యూజీసీ ఆ మాటను విద్యాసంస్థలన్నింటికీ చేరవేసింది. 2022 అక్టోబరులో డిగ్రీకీ పీజీకీ సైబర్ సెక్యూరిటీ సిలబస్ కూడా విడుదల చేసింది. అంతకు చాలా ముందే, 2005లో, కేంద్ర ఐటీ శాఖ సమాచార భద్రతా విద్య, అవగాహనల కోసం ఒక జాతీయ పథకం మొదలుపెట్టింది. అందులో జనానికి అవగాహన కల్పించే బాధ్యత మన హైదరాబాద్‌లోని కేంద్ర ప్రభుత్వ పరిశోధనా సంస్థ సీ-డాక్‌ది. 2023లో తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో వచ్చింది. చెప్పేవాళ్లకు కొదవ లేదు. అయినా దేశంలో సైబర్ మోసాలకు జనం పోగొట్టుకున్న సొమ్ము 2023లో 7,465 కోట్ల రూపాయలైతే, 2024లో 22,845 కోట్లకు చేరింది. ఒక్క తెలంగాణ నుంచే ఆ ఏడు సుమారు 1,866 కోట్లు పోయాయి.

మరి ఇంత అవగాహన ఎక్కడికి పోతోంది? కాలేజీల్లో జరుగుతున్న పనినీ, దాని మీద ప్రపంచంలో జరిగిన పరిశోధననూ కలిపి చూస్తే నాకు తోచింది ఇది: మోసం ఎలా జరుగుతుందో పిల్లలకు ఎంతో కొంత చెబుతున్నాం. మోసపోయిన పది నిమిషాల్లో ఎవరి దగ్గరికి పరుగెత్తాలో చెప్పడం లేదు. పరుగెత్తుకొచ్చిన పిల్లను తిట్టకుండా కూర్చోబెట్టే మనిషిని కాలేజీలో నియమించనే లేదు.

ఈ సంగతి హైదరాబాద్‌లోని నేరేడ్‌మెట్ నుంచి చూస్తే బాగా కనిపిస్తుంది. 2016లో సైబరాబాద్ నుంచి వేరుపడ్డ రాచకొండ పోలీస్ కమిషనరేట్‌కు కార్యాలయం ఇక్కడే వెలిసింది. పక్కనే సైనిక్‌పురిలో భవన్స్ వివేకానంద కాలేజీ. పొద్దున క్రాస్ రోడ్స్‌లో నిలబడితే కీసర, ఘట్‌కేసర్, మేడ్చల్ దిక్కు పోయే ఇంజనీరింగ్ కాలేజీ బస్సుల కోసం ఎదురుచూసే పిల్లలు కనిపిస్తారు. వాయుపురి, డిఫెన్స్ కాలనీ, సైనిక్‌పురిల నిండా రిటైరైన సైనికుల, ఉద్యోగుల కుటుంబాలు. పోలీసు, విద్యార్థి, పింఛను మీద బతికే పెద్దాయన: సైబర్ మోసంతో సంబంధమున్న ముగ్గురూ ఇక్కడ ఇరుగుపొరుగువాళ్లు. ఒకరి సంగతి మరొకరికి చేరే దారి మాత్రం ఇంకా సరిగా పడలేదు.

మోసం విద్యార్థి అవసరాన్ని పట్టుకుని వస్తుంది. అతని అలవాటు మాత్రం కాలేజీలో చేరకముందే తయారవుతుంది. తెలంగాణలో 2016 నుంచి డిగ్రీ ప్రవేశాలు దోస్త్ అనే ఆన్‌లైన్ పద్ధతి ద్వారా జరుగుతున్నాయి. ఆధార్‌తో అనుసంధానమైన ఫోన్ నంబరు కావాలి, ఓటీపీ కావాలి. ఇంట్లో కంప్యూటరు లేని పిల్లలు ఇంటర్నెట్ సెంటర్‌కు పోతారు. ఆధార్, కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ అన్నీ సెంటర్ వాళ్ల వాట్సాప్‌కు పంపి ప్రింటు తీయించుకుంటారు. పాస్‌వర్డ్ సెంటర్ వాళ్లే పెట్టి, కాగితం మీద రాసిస్తారు. ఓటీపీ రాగానే "చెప్పమ్మా" అంటారు, పిల్ల పైకి చదివి వినిపిస్తుంది. స్కాలర్‌షిప్ కోసం ఈ-పాస్‌లో దరఖాస్తు చేసేటప్పుడూ ఇదే తంతు. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని కాలేజీలో చేరాక పాఠం చెబుతాం. సీటు కోసం ఓటీపీని పైకి చదివి వినిపించాల్సి వచ్చిన పిల్లకు ఆ మాట ఎంతవరకు ఎక్కుతుంది? మే, జూన్ నెలల్లో ప్రతి కాలేజీ తన కంప్యూటర్ ల్యాబ్ తెరిచి, పక్కన ఒక సీనియర్‌ను కూర్చోబెట్టి, ఎవరి దరఖాస్తు వాళ్లే నింపుకునేలా చేస్తే చాలు. వందమందిని హాల్లో కూర్చోబెట్టి చేసే ప్రసంగం కంటే ఆ అరగంట గట్టి పాఠమవుతుంది.

పైగా ఆ ఓటీపీ పాఠం కూడా పాతబడింది. వాట్సాప్‌లో ఒక ఫైలు వస్తుంది. పెళ్లి శుభలేఖ అనో, ట్రాఫిక్ చలానా అనో, స్కాలర్‌షిప్ జాబితా అనో పేరుంటుంది, చివర చుక్క పెట్టి ఏపీకే అని ఉంటుంది. ఏపీకే అంటే ఫొటో కాదు, కాగితం కాదు, ఆండ్రాయిడ్ ఫోన్లో ఎక్కే యాప్. నొక్కితే, బయటి నుంచి వచ్చిన యాప్‌ను ఎక్కించాలా అని ఫోన్ ఒకసారి అడుగుతుంది. తర్వాత ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి అడుగుతుంది. రెంటికీ సరే అంటే, బ్యాంకు పంపిన ఓటీపీ మనం చూసేలోపే అవతలివాడికి చేరిపోతుంది. ఓటీపీ ఎవరికీ చెప్పని మనిషి కూడా ఇక్కడ మోసపోతాడు. వాట్సాప్ ఖాతా కూడా వాళ్ల చేతికి చిక్కితే అదే ఫైలు క్లాసు గ్రూపుకూ ఇంటి గ్రూపుకూ పోతుంది. అందుకే తెలిసినవాళ్ల నంబరు నుంచి వచ్చింది కదా అన్న ధీమా పనికిరాదు.

పార్ట్‌టైమ్ ఉద్యోగం పేరుతో వచ్చేది ఇంకో రకం. యూట్యూబ్ వీడియోకు లైకు కొడితే డబ్బు, హోటల్‌కు రేటింగ్ ఇస్తే డబ్బు. మొదట్లో నూటయాభయ్యో రెండొందలో నిజంగానే ఖాతాలో పడతాయి. ఆ నమ్మకంతో వేలు కట్టిస్తారు, తర్వాత లక్షలు. 2023 జులైలో హైదరాబాద్ పోలీసులు బయటపెట్టిన ఇలాంటి ఒక్క వ్యవహారంలోనే 712 కోట్లు పోయాయి, బాధితులు సుమారు 15 వేల మంది. చిక్కడపల్లి నుంచి వచ్చిన ఒక ఫిర్యాదుతో ఆ తీగ కదిలింది. ఒక్కరు నోరు తెరిస్తే ఎంత బయటపడుతుందో దానివల్ల తెలిసింది.

ఇక అవగాహన కార్యక్రమాల ఫలితం సంగతి. ఫిషింగ్ మీద, అంటే దొంగ ఈమెయిళ్లతో వల వేసే మోసం మీద, విశ్వవిద్యాలయ సమాజంలోనే జరిగిన తొలి పెద్ద అధ్యయనాల్లో ఒకటి మనకు దగ్గరి మనిషిది. ఇప్పుడు హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో ఆచార్యుడైన పొన్నురంగం కుమారగురు, అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న రోజుల్లో అక్కడి అధ్యాపకులూ సిబ్బందీ విద్యార్థులూ కలిపి 515 మందికి ఉత్తుత్తి మోసపు ఈమెయిళ్లు పంపారు. లింకు నొక్కినవాళ్లకు అక్కడికక్కడే ఒక చిన్న బొమ్మల పాఠం కనిపించేలా పెట్టారు. 2009లో వెలువడిన ఆ ఫలితాల్లో రెండు సంగతులున్నాయి. పొరపాటు చేసిన క్షణంలో నేర్చుకున్నది 28 రోజుల తర్వాత కూడా గుర్తుంది. 18 నుంచి 25 ఏళ్ల వాళ్లే మిగతా వయసులవాళ్ల కంటే ఎక్కువగా మోసపోయారు. చిన్న వయసువాళ్లు కాబట్టి వాళ్లకు అన్నీ తెలుసనుకోవడం ఎంత తప్పో అప్పుడే తేలింది.

పొరపాటు చేసిన క్షణంలో పాఠం చెబితే చాలన్న ఆశను తర్వాతి అధ్యయనాలు తగ్గించాయి. స్విట్జర్లాండ్‌లోని ఈటీహెచ్ జ్యూరిచ్ పరిశోధకులు ఒక పెద్ద సంస్థలో 14 వేల మందికి పైగా ఉద్యోగులను 15 నెలలు గమనించారు. నొక్కినవాళ్లకు వెంటనే పాఠం చూపించే పద్ధతి అక్కడ మేలు చేయకపోగా, కొంత కీడే చేసినట్టు కనిపించింది. శాన్ డియేగోలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు ఆరోగ్య విభాగంలో 19,500 మంది ఉద్యోగుల మీద ఎనిమిది నెలలు జరిపిన అధ్యయనం 2025లో వచ్చింది. శిక్షణ పొందినవాళ్లకూ పొందనివాళ్లకూ తేడా 1.7 శాతం. చాలామంది ఆ పాఠం పేజీ మీద నిమిషం కూడా నిలవలేదు.

అలాగని అవగాహన దండగనుకోనక్కర్లేదు. జ్యూరిచ్ అధ్యయనంలోనే ఇంకో ఫలితం ఉంది. అనుమానం వచ్చిన ఈమెయిల్‌ను ఒక్క మీటతో సంస్థకు తెలియజేసే వీలు కల్పిస్తే, ఉద్యోగులు నెలల తరబడి విసుగు లేకుండా తెలియజేస్తూనే ఉన్నారు. అదీ త్వరగా. కొందరు పసిగట్టి చెప్పేసరికి మిగతా వేలమందిని కాపాడే సమయం దొరికింది. మోసాన్ని ప్రతి ఒక్కరూ ప్రతిసారీ గుర్తుపట్టాలని కోరడం అయ్యే పని కాదు. గుర్తుపట్టిన నలుగురు వెంటనే చెప్పడం, మోసపోయిన ఒక్కరు దాచకుండా చెప్పడం అయ్యే పని. సంస్థ పెట్టిన సొమ్ముకూ శ్రమకూ ఫలితం దక్కేది అక్కడే.

మన దేశంలో వ్యవస్థ కూడా ఆ వేగాన్ని నమ్ముకునే కట్టారు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే ఫిర్యాదు నమోదై, సొమ్ము ఏ ఖాతాకు పోయిందో ఆ బ్యాంకుకు సమాచారం అందుతుంది. అది అప్పటికి ఇంకో ఖాతాకు దాటితే ఆ బ్యాంకుకు పోతుంది. సొమ్ము ఎక్కడ దొరికితే అక్కడ నిలిపివేస్తారు. మోసగాళ్లు ఒక ఖాతా నుంచి పది ఖాతాలకు, అక్కడి నుంచి ఏటీఎంకో క్రిప్టోకో మళ్లించడానికి గంట కూడా పట్టదు. ఈ పద్ధతి మొదలైన 2021 నుంచి 2025 నడిమి దాకా దేశవ్యాప్తంగా 5,400 కోట్లకు పైగా కాపాడగలిగారు. పోయినదాంతో పోలిస్తే ఇది తక్కువే. ఆలస్యమే ఇందుకు పెద్ద కారణం. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. మన అనుమతి లేకుండా జరిగిన లావాదేవీల విషయంలో రిజర్వు బ్యాంకు 2017 జులైలో ఇచ్చిన ఆదేశం ప్రకారం, ఓటీపీ మనమే పొరపాటున చెప్పినా సరే, బ్యాంకుకు తెలియజేసిన తర్వాత జరిగే నష్టమంతా బ్యాంకుదే. చెప్పడానికి పట్టే ప్రతి నిమిషమూ బాధితుడి లెక్కలో పడుతుంది.

మరి పిల్లలు ఎందుకు చెప్పరు? ఇక్కడ కాసేపు ఆగి చూడాలి. 2020 డిసెంబరులో లోన్ యాప్‌ల వేధింపులు భరించలేక తెలంగాణలో కొందరు ప్రాణాలు తీసుకున్నారు. ఆ యాప్‌లు ఫోన్లోని నంబర్లన్నీ లాగి, తెలిసినవాళ్లందరికీ "ఇతను దొంగ" అని మెసేజ్‌లు పంపేవి. అప్పు కొన్ని వేలే. చంపింది పరువు భయం. అమ్మాయిల విషయంలో ఈ భయం ఇంకా గట్టిది. ఇన్‌స్టాగ్రామ్‌లోని ఫొటోను మార్ఫింగ్ చేసి ఎవడో బెదిరిస్తున్నాడంటే, ఇంట్లో మొదట అడిగేది "నువ్వు ఫొటో ఎందుకు పెట్టావు?" అని. తర్వాత ఫోన్ పోతుంది. కొన్ని ఇళ్లల్లో చదువే ఆగుతుంది, పెళ్లి సంబంధాలు మొదలవుతాయి. ఇది తెలిసిన పిల్ల నోరు మూసుకుని, ఉన్న డబ్బు అడిగినవాడికి కడుతుంది. కాలేజీలో చెబితే ప్రిన్సిపాల్ ముందుగా తండ్రికి ఫోన్ చేస్తారని ఆమెకు తెలుసు. బోర్డు మీద 1930 అని ఎంత పెద్ద అక్షరాలతో రాసినా ఈ భయాన్ని దాటి చెయ్యి ఫోన్ మీదికి పోదు.

ఇలాంటి పిల్లకు ఆ క్షణంలో అక్కరకొచ్చే సంగతి ఒకటుంది. స్టాప్‌ఎన్‌సీఐఐ అనే ఉచిత సేవ 2021 డిసెంబరు నుంచి నడుస్తోంది. బెదిరింపుకు వాడుతున్న ఫొటోను ఎవరికీ పంపనక్కర్లేదు. మన ఫోన్లోనే ఆ ఫొటోకు ఒక అంకెల ముద్ర తయారవుతుంది, ఆ ముద్ర మాత్రమే ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ వంటి వేదికలకు వెళుతుంది. అలాంటి ఫొటో అక్కడ ఎవరైనా పెట్టబోతే అవి గుర్తుపట్టి ఆపగలవు. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకు టేక్ ఇట్ డౌన్ అనే ఇలాంటి సేవే వేరుగా ఉంది. డిగ్రీ మొదటి ఏడాదిలో ఆ వయసువాళ్లు ఎందరో ఉంటారు. పాస్‌వర్డ్‌లో పెద్దక్షరం, చిన్నక్షరం, అంకె ఉండాలని చెప్పే స్లైడ్ ఒకటి తీసేసి, దాని చోట ఈ సంగతి పెట్టాలని అవగాహన కార్యక్రమాలు చేసే ప్రతి ఒక్కరినీ అడుగుతున్నాను.

అవగాహన కార్యక్రమాలు దాదాపుగా తాకని ఇంకో ముఖముంది. విద్యార్థి బాధితుడుగానే కాదు, పనివాడుగా కూడా మోసగాళ్లకు కావాలి. పోయిన సొమ్ము దిగడానికి ఎవరిదో ఒక ఖాతా ఉండాలి. టెలిగ్రామ్‌లోనో హాస్టల్ గదిలోనో ప్రస్తావన వస్తుంది: "నీ అకౌంట్ ఊరికే పడుంది కదరా, వారం రోజులివ్వు, కమీషన్ ఇప్పిస్తా." ఏటీఎం కార్డు, చెక్‌బుక్, ఖాతాకు లింకైన సిమ్ ఇచ్చేస్తే చాలు. దీన్నే మ్యూల్ ఖాతా అంటున్నారు. 2024లో పాతబస్తీ శంషేర్‌గంజ్‌లోని ఒక బ్యాంకు శాఖలో ఆరు ఖాతాల గుండా రెండు నెలల్లో 175 కోట్లు దాటిపోయినట్టు సైబర్ సెక్యూరిటీ బ్యూరో తేల్చింది. ఇతరుల ఖాతాలు లేకుండా ఇంత పెద్ద వ్యాపారం నడవదు. ఖాతా ఇచ్చిన కుర్రాడు "నాకేం తెలియదు సార్" అంటాడు. కొన్నిసార్లు నిజంగానే తెలియదు. అయినా సొమ్ము దిగింది అతని పేరు మీద కాబట్టి పోలీసులు మొదట వచ్చేది అతని ఇంటికే, వేరే రాష్ట్రం నుంచైనా సరే. ఖాతా స్తంభిస్తుంది, పాస్‌పోర్టుకు పోలీస్ వెరిఫికేషన్ వచ్చినప్పుడు కేసు బయటపడుతుంది. అమెరికాకు పోవాలని ఇంటర్ నుంచి కలలుగనే పిల్లలున్న ఊళ్లో ఈ ఒక్క మాట చెప్పినా చాలామంది ఆగుతారు. ఖాతా అద్దెకివ్వడం నేరమని తెలిసిన విద్యార్థులు ఎందరో ఒక్కసారి క్లాసులో చేతులెత్తించి చూస్తే ఈ అవసరం అధ్యాపకులకే తెలుస్తుంది.

డిగ్రీ చేతికొచ్చాక వల ఇంకా పెద్దదవుతుంది. కంబోడియాలో డేటా ఎంట్రీ ఉద్యోగమని తీసుకుపోయి, పాస్‌పోర్టు లాక్కుని, భారతీయులకే ఫోన్లు చేసి మోసం చేసే పని చేయించిన సంగతి 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టారు. ఆ నెలలోనే అక్కడి సిహనూక్‌విల్‌లో బందీలైన మనవాళ్లు తిరగబడ్డారు. మయన్మార్ సరిహద్దులోని ఇలాంటి మోసాల శిబిరాల నుంచి 2025 మార్చిలో వాయుసేన విమానాల్లో 500 మందికి పైగా భారతీయులను తీసుకొచ్చారు. వాళ్లలో తెలంగాణ, ఆంధ్ర యువకులున్నారు. కాలేజీ ప్లేస్‌మెంట్ సెల్ వాళ్లు విదేశీ ఉద్యోగ ప్రకటనను ఎలా సరిచూసుకోవాలో, విదేశాంగ శాఖ దగ్గర నమోదైన ఏజెంట్ల జాబితా ఎక్కడ దొరుకుతుందో చివరి సెమిస్టర్‌లో చెబితే అది కూడా సైబర్ భద్రతే.

విద్యాసంస్థలు తమ సంగతి తాము దాచుకుంటే పిల్లలను చెప్పమనే అర్హత వాటికి ఉండదు. నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ విశ్వవిద్యాలయం ఇక్కడ చూడదగ్గ ఉదాహరణ. 2019 అక్టోబరులో ఒక ఫిషింగ్ ఈమెయిల్ ద్వారా దొంగలు లోపలికొచ్చారు. రెండు నెలలు లోపలే తిరిగి, క్రిస్మస్ సెలవుల ముందు డిసెంబరు 23న సర్వర్లకు తాళం వేశారు. విశ్వవిద్యాలయం 30 బిట్‌కాయిన్లు, అంటే సుమారు 2 లక్షల యూరోలు చెల్లించింది. తర్వాత 2020 ఫిబ్రవరిలో బహిరంగ సభ పెట్టి, ఏ తప్పులు జరిగాయో, ఎందుకు డబ్బు కట్టామో అందరికీ చెప్పింది. మిగతా విశ్వవిద్యాలయాలు దాన్ని చూసి నేర్చుకునే వీలు కలిగింది. పోలీసులు పట్టుకున్న కొంత క్రిప్టో విలువ పెరిగి 5 లక్షల యూరోలైతే, దాన్ని ఇబ్బందుల్లో ఉన్న విద్యార్థుల నిధికి మళ్లించాలని నిర్ణయించుకుంది. అమెరికాలో 157 ఏళ్ల లింకన్ కాలేజీకి ఆ అదృష్టం దక్కలేదు. కొవిడ్ దెబ్బ మీద 2021 డిసెంబరులో ఇలాంటి ర్యాన్సమ్‌వేర్ దాడి కూడా తోడై, ప్రవేశాల లెక్కలు నెలల తరబడి అందక, 2022 మేలో మూతపడింది.

మన కాలేజీల్లో సర్వర్ల సంగతి అటుంచి, క్లాసు వాట్సాప్ గ్రూపులో పేరు, తండ్రి పేరు, ఆధార్ నంబరు, ఫోన్ నంబరు ఉన్న ఎక్సెల్ షీటు పెట్టి "మీ వివరాలు సరిచూసుకోండి" అనడం మామూలైపోయింది. మోసగాడు పేరు పెట్టి పిలిచి, బ్రాంచి చెప్పి, స్కాలర్‌షిప్ సంగతి ఎత్తితే పిల్లవాడు నమ్మకేం చేస్తాడు? పిల్లలకు జాగ్రత్తలు చెప్పే ముందు ఆ షీటు తీసేయాలి. ఆఫీసులో పనిచేసే క్లర్కులకూ ల్యాబ్ అసిస్టెంట్లకూ గెస్ట్ లెక్చరర్లకూ అవగాహన కార్యక్రమాలు జరగడం అరుదు. విద్యార్థుల వివరాలన్నీ ఉండేది మాత్రం వాళ్ల చేతుల్లోనే.

ఏం చేయాలో చెప్పడానికి పెద్ద ప్రణాళిక అక్కర్లేదు. కాలేజీకి ఒక అధ్యాపకురాలు, ఇద్దరు సీనియర్లు, ఒక ఫోన్ నంబరు. రాతపూర్వకంగా రెండు హామీలు: మోసపోయినందుకు ఎవరి మీదా క్రమశిక్షణ చర్య ఉండదు, పద్దెనిమిది నిండిన విద్యార్థి ఒప్పుకోకుండా ఇంటికి ఫోన్ పోదు. వచ్చిన పిల్లతో ముందు 1930కి ఫోన్ చేయించాలి, ప్రశ్నలు తర్వాత. పద్దెనిమిది నిండనివాళ్లైతే తల్లిదండ్రులతో మాట్లాడేటప్పుడు అధ్యాపకురాలు పక్కనుండాలి. ఏడాది చివర్లో ఎన్ని సదస్సులు జరిగాయి, ఎందరు హాజరయ్యారు అన్న నివేదిక బదులు, సొమ్ము పోయినప్పటి నుంచి 1930కి ఫోన్ వెళ్లేదాకా సగటున ఎన్ని నిమిషాలు పట్టిందో లెక్క కట్టాలి. నేరేడ్‌మెట్ చుట్టుపక్కల కాలేజీలు కలిసి ఈ లెక్క మొదలుపెట్టొచ్చు, పోలీసులు ఎలాగూ అందుబాటులో ఉన్నారు.

ఈ కాలేజీల పిల్లల వల్ల చుట్టుపక్కల కాలనీలకు కూడా మేలు జరుగుతుంది. డిజిటల్ అరెస్టు పేరుతో వీడియో కాల్‌లో పోలీసు వేషం వేసి బెదిరించేవాళ్లు ఎక్కువగా వెతికేది రిటైరైనవాళ్లనే. చట్టంలో డిజిటల్ అరెస్టు అన్నదే లేదని 2024 అక్టోబరులో ప్రధానమంత్రి రేడియో ప్రసంగంలో చెప్పాల్సి వచ్చింది. పెద్దాయన గది తలుపేసుకుని భయపడుతున్నప్పుడు ఇంట్లో ఉండేది కాలేజీకి పోయే మనవడో మనవరాలో. "ఈ మెసేజ్ ఏందో చూడు బిడ్డా" అని అడిగేది కూడా వాళ్లనే. ఎన్ఎస్ఎస్ విద్యార్థులు వాయుపురి, సైనిక్‌పురి ఇళ్లకు వెళ్లి, పెద్దవాళ్ల ఫోన్లలో 1930 సేవ్ చేసి, కేంద్ర టెలికాం శాఖ పోర్టల్ సంచార్ సాథీలో వాళ్ల పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో చూపించి రావడం ఒక ఆదివారం పని.

ఇక చట్టం కూడా కాలేజీలను కదిలించబోతోంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి 2025 నవంబరులో నియమాలు వచ్చాయి. ప్రధాన బాధ్యతలన్నీ 18 నెలల గడువు తర్వాత, అంటే 2027 మేలో అమల్లోకి వస్తాయి. అప్పటి నుంచి విద్యార్థుల వివరాలు బయటికి పొక్కితే, ఆ సంగతి డేటా రక్షణ బోర్డుకూ ఆ విద్యార్థులకూ తెలియజేయడం సంస్థల విధి. ఆ వేసవిలో దోస్త్ ద్వారా చేరే పిల్లలూ వాళ్ల తల్లిదండ్రులూ ఫీజు ఎంత, హాస్టల్ ఉందా అని అడిగేటప్పుడే ఇంకో ప్రశ్న కూడా అడగాలి: మా బిడ్డ వివరాలు మీ దగ్గర ఎవరి కంప్యూటర్లో ఉంటాయి, ఏదైనా జరిగితే ఏ నంబరుకు ఫోన్ చేయాలి?